గట్టు మీద మాట: డ్రోను రిమోట్ ఎవరి చేతిలో ఉండాలి?

పోయిన నెల ఈ శీర్షికలో వరిమడుల మీద ఎగురుతున్న డ్రోన్ల గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో మగవారివి తక్కువ, ఆడవారివి ఎక్కువ. ఈ శీర్షిక రాయడం మొదలుపెట్టాక ఇలా జరగడం ఇదే మొదటిసారి, నాకు చాలా సంతోషం కలిగింది. ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను. పేర్లు వేయవద్దన్నారు కనుక జిల్లా మాత్రమే ఉంచాను.

అమ్మా, నమో డ్రోన్ దీదీ పథకంలో మా డ్వాక్రా సంఘానికి డ్రోను మంజూరైంది. సంఘంలో పదో తరగతి పాసైనదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పైలట్ శిక్షణకు నా పేరు పంపారు. పదిహేను రోజులు ఉండి రావాలి. "కాగితం మీద నువ్వు ఉండు, ఎగరేయడం నేను చూసుకుంటాను" అంటున్నారు మా ఆయన. ఆయన ట్రాక్టరు తోలుతారు, యంత్రాల పనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఆడమనిషి మందు కొడతానంటే రైతులు పిలుస్తారా అని మా అత్తయ్య అనుమానం. నాకు నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో గొడవ రాకుండా ఏమి చేయమంటారు? (ఏలూరు జిల్లా)

శిక్షణకు వెళ్లు తల్లీ. మిగతావన్నీ ఆ తరువాత మాట్లాడుకుందాం.

డ్రోను ట్రాక్టరు లాంటిది కాదని మీ ఆయనకు నెమ్మదిగా చెప్పు. పైలట్ సర్టిఫికెట్ మనిషికి ఇస్తారు, కుటుంబానికి ఇవ్వరు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, 65 దాటని వారు, పదో తరగతి పాసైనవారు, గుర్తింపు ఉన్న సంస్థలో నేర్చుకుని పరీక్ష నెగ్గితేనే అది చేతికొస్తుంది. నీ సర్టిఫికెట్ చూపించి ఆయన ఎగరేస్తే, గాలికి మందు పక్క చేలో పడి పైరు మాడినా, కరెంటు తీగకు తగిలి డ్రోను కూలినా నిలబడి జవాబు చెప్పవలసింది నువ్వు. సంఘం అప్పు తీర్చవలసింది మీ పదిమందీ. ఆయన మీద ప్రేమ ఉంటే ఇంటిని ఆ ఇరకాటంలో పెట్టవద్దు.

ఆయనకు కూడా ఇందులో చోటుంది. 2023 చివర్లో కేంద్రం ఆమోదించిన ఈ పథకంలో 15,000 సంఘాలకు డ్రోన్లు అన్నారు. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయం వస్తుంది. శిక్షణ 15 రోజుల్లో 5 రోజులు ఎగరేయడం, 10 రోజులు ఎరువులు, మందులు చల్లడం నేర్పుతారు. దానితోపాటు మరమ్మతుల మీద ఆసక్తి ఉన్న మరో సభ్యురాలికి గాని, కుటుంబంలో ఒకరికి గాని సహాయకులుగా శిక్షణ ఇవ్వాలని పథకంలోనే ఉంది. చెయ్యి తిరిగిన మనిషి అంటున్నావు కదా, ఆ స్థానం ఆయనకు సరిగ్గా సరిపోతుంది. బ్యాటరీలు, మోటార్లు, నాజిళ్లు ఆయన చూసుకోవచ్చు. రిమోట్ మాత్రం నీ చేతిలో ఉండాలి. ఈ మాట మీ ఇద్దరి మధ్య శిక్షణకు వెళ్లకముందే తేలిపోవాలి. తిరిగి వచ్చాక తేల్చుకుందామంటే తేలదు. సర్టిఫికెట్ గోడకు తగిలించి, భర్త ఎగరేస్తుంటే గట్టు మీద టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడిన అమ్మాయిని నేను కళ్లారా చూశాను. ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఇక అత్తయ్య అనుమానం. ఆమెనే ఒకటి అడుగు: ఆమె కాలంలో మామయ్యగారు మందు కొడుతుంటే నీళ్లు ఎవరు మోశారు? చేతి పంపుతో ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు కావాలి. 16 లీటర్ల పంపు నిండితే ఇరవై కిలోల బరువు. పంపు వీపున వేసుకున్న మగవాడు అందరికీ కనిపిస్తాడు. ఆ 200 లీటర్లు కాలవలోంచి బిందెలతో ముంచి, గట్ల మీద జారకుండా నడిచి, డ్రమ్ములో పోసి, కర్రతో మందు కలిపి, సాయంత్రం ఆ మందు బట్టలు ఉతికిన మనిషి ఎవరికీ కనిపించదు. మందు పని ఆడవాళ్లకు కొత్త కాదు. డ్రోనుకు ఎకరానికి 10 లీటర్లు చాలు. దాని వల్ల ఎవరి నడుముకు ఎక్కువ సుఖమో ఆమెకు విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి సీజనులో బయటి రైతుల కోసం ఎదురు చూడవద్దు. మీ సంఘం సభ్యుల పొలాలు, వాళ్ల అన్నదమ్ముల పొలాలు కలిపి ఒకే దిక్కున ఉన్నవి ఒక పుస్తకంలో రాసుకో. నీకు చెయ్యి కుదిరేది అక్కడే. పక్క రైతు గట్టు మీద నిలబడి చూసి, తన పైరు చూసుకుని, అప్పుడు పిలుస్తాడు.

మరికొన్ని సంగతులు ఉన్నాయి. డ్రోనుతోపాటు ఎన్ని జతల బ్యాటరీలు ఇస్తారో ముందే అడుగు. ఒక జత కొద్ది నిమిషాలకే దిగిపోతుంది, చార్జింగ్ పెట్టుకుని కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. పొలానికి తీసుకెళ్లడానికి ఆటో కావాలి, దాని ఖర్చు కూడా ఎకరం రేటులో వేసుకోండి. డబ్బు సంఘం ఖాతాలో పడాలి, ఆ రోజే రిజిస్టరులో ఎక్కాలి. మీ వైపు వరిమడి పక్కనే చేపల చెరువు ఉంటుంది. గాలి చెరువు వైపు వీస్తున్న రోజు ఎంత పెద్ద రైతు పిలిచినా వెళ్లవద్దు. కడుపుతో ఉన్నా, చంటిబిడ్డకు పాలిస్తున్నా మందు కలిపే పని మరొకరికి అప్పగించు. ఇందులో మొహమాటానికి పోవద్దు తల్లీ.

నాలుగెకరాల పత్తి, ఎకరం మిరప చేస్తున్నాను. రెండేళ్ల కింద కలుపు తీసే యంత్రం, పవర్ వీడర్ కొన్నాను. నేను లేనప్పుడు నా భార్య దాన్ని ముట్టుకోదు. కూలీలను పిలుస్తుంది, లేదంటే తానే కొడవలి పట్టుకుని సాళ్లలో కూర్చుంటుంది. కలుపు మందు కొడదామన్నా వద్దంటుంది. కొత్తదంటే ఆడవాళ్లకు ఎందుకింత భయం? (ఖమ్మం జిల్లా)

భయం అన్న మాట ఆమె చెప్పిందా నాయనా, నువ్వు అనుకున్నావా? ఉత్తరమంతా వెతికాను, ఆమె చెప్పిన మాట ఒక్కటీ అందులో లేదు.

నా చిన్ననాటి సంగతి చెబుతాను. మాది పశ్చిమ గోదావరిలో పెనుగొండ దగ్గరి ఊరు. 1967 ప్రాంతంలో ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 అనే కొత్త పొట్టి వరి రకం వేసి చూపించారు. ఆ పంట చూడటానికి మా నాన్నగారు ఎడ్లబండి కట్టుకుని వెళ్లి వచ్చారు, మరుసటి ఏడు మా పొలంలోనూ వేశారు. దిగుబడి చూసి ఊరంతా ఆశ్చర్యపోయింది. మా అమ్మ మాత్రం రెండు మాటలు అంది: "పొద్దున వండిన అన్నం సాయంత్రానికి బిరుసెక్కుతోంది. గడ్డి పొట్టిది, గేదెకు చాలదు, పాక కప్పడానికి పనికిరాదు." ఆడవాళ్లకు కొత్తది గిట్టదని నాన్న నవ్వారు. ఆ తరువాత శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కూర్చుని సరిచేసింది ఆ గింజ నాణ్యతనే. మా అమ్మ ఆ రకాన్ని కాదనలేదు. దానితో రోజూ పని చేసే మనిషిగా లోపం చెప్పింది.

ఈ సాయంత్రం నీ భార్యను కూర్చోబెట్టుకుని అడుగు. అడిగేటప్పుడు వీడర్ దగ్గరే అడుగు, పిడి పట్టుకుని చూపించమను. తాడు లాగి ఇంజను స్టార్ట్ చేయడానికి ఎంత బలం కావాలో చూడు. పిడి ఆమె నడుము ఎత్తుకు వస్తోందా, ఛాతీ దాకా వస్తోందా? ఛాతీ దాకా వస్తే సాలు చివర యంత్రాన్ని తిప్పేటప్పుడు బరువంతా భుజాల మీద పడుతుంది. మన దేశంలో పనిముట్ల కొలతలు చాలాకాలం మగవాడి ఒడ్డూ పొడుగూ చూసే వేశారు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ, భువనేశ్వర్‌లో మహిళా రైతుల కోసమే పెట్టిన పరిశోధన సంస్థ ఆడవాళ్ల ఎత్తు, పట్టు, బలం కొలిచి పనిముట్లు మార్చడం మీద పని చేశాయి. ఆ మార్పులు మన ఊరి దుకాణం దాకా ఇంకా సరిగ్గా రాలేదు.

2003 ఖరీఫ్‌లో, లేత నారు ఎడంగా నాటే శ్రీ వరి సాగు మన రాష్ట్రానికి వచ్చినప్పుడు నేను వ్యవసాయాధికారిని. 25 సెంటీమీటర్ల ఎడంతో నాటి, పది రోజులకోసారి వీడర్ నెట్టాలి. కలుపు అంతవరకు ఆడవాళ్ల పని. వీడర్ రాగానే అది మగవాళ్ల పని అయింది, కూలి రేటు కూడా పెరిగింది. ఒక ఊళ్లో ఒకామె మాత్రం వీడర్ ఇంటికి తీసుకెళ్లి, వడ్రంగితో పిడి జానెడు కోయించింది. మరుసటి రోజు నుంచి అర ఎకరం తానే నెట్టింది. నేను అంతకుముందు రెండు నెలలుగా ఆ ఊరి ఆడవాళ్లకు "అలవాటు చేసుకోండమ్మా" అని చెబుతూ వచ్చాను. పిడి కోయించాలన్న ఆలోచన నాకు రాలేదు.

కలుపు మందు వద్దనడానికి కారణం వేరే ఉండవచ్చు. మీ పత్తి సాళ్ల మధ్య కంది, బొబ్బర్లు, గోంగూర ఉన్నాయా? వాటి విత్తనం ఎవరు దాచారు? ఆ మందు వాటినీ చంపవచ్చు. నువ్వు కలుపు అంటున్న దానిలో గునుగు కూర, తోటకూర, తుమ్మికూర ఉంటాయి, గేదెకు మోపెడు గడ్డి ఉంటుంది. జహీరాబాద్ వైపు మెట్ట పొలాల్లో సంఘం ఆడవాళ్లు వీటిని కలుపు అనే అనరు, విత్తకుండా వచ్చిన పంట అంటారు. ఇవి నీ లెక్కలో సున్నా. ఆమె వంటింట్లో వారానికి రెండు పూటల కూర.

ఘనాలో మొక్కజొన్న రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. ఆడవాళ్లు కొత్త విత్తనం తక్కువగా వాడుతున్న మాట నిజమే. ఎందుకా అని తరచి చూస్తే భూమి, కూలీలు, వ్యవసాయాధికారి రాక, ఈ మూడూ వాళ్లకు తక్కువ అని తేలింది. అవి సమానంగా ఉన్నచోట ఆడ, మగ తేడా కనిపించలేదు. నేను 33 ఏళ్లు ఊళ్లు తిరిగి తెలుసుకున్నదీ అదే.

వ్యవసాయ విస్తరణాధికారిగా చేరి ఏడాదైంది. రైతు వేదికలో శిక్షణ పెడితే ఆడవాళ్లు ఇద్దరు, ముగ్గురికి మించి రారు. ఎలా రప్పించాలి? (జనగామ జిల్లా)

ఎన్ని గంటలకు పెడుతున్నావమ్మా? నేను కొత్తగా చేరినప్పుడు పొద్దున పదింటికి పెట్టేదాన్ని, నా బస్సు ఆ వేళకు ఊరు చేరేది కనుక. అప్పటికి ఆడవాళ్లు కలుపులో వంగి రెండు గంటలు అయ్యేది. మూడేళ్లపాటు నివేదికల్లో "మహిళలకు ఆసక్తి తక్కువ" అని నా చేత్తో రాశాను. ఆ వాక్యం తలచుకుంటే ఇవాళ్టికీ బాధగా ఉంటుంది. చివరికి ఒక పెద్దామె చెప్పింది: "రాత్రి అన్నాలయ్యాక రా అమ్మా, అందరం అరుగు మీదే ఉంటాం." ఆ రాత్రి నలభైమంది వచ్చారు. 1990ల మధ్యలో డెన్మార్క్ సాయంతో ఆడ రైతుల శిక్షణ కోసం అంత్వా పథకం నడిచింది. ఆడవాళ్లకు ఆడవాళ్లే, వాళ్ల ఊరిలోనే నేర్పితే ఎంత తేడానో అప్పుడు చూశాను.

నీ వాట్సాప్ గుంపులో ఉన్న నంబర్లు ఒకసారి చూడు. భర్త ఫోనుకు వెళ్లిన వీడియో భార్య దాకా వస్తుందనుకోవద్దు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 ఆడవాళ్ల చేత వాళ్ల ఫోన్లలోనే ఎక్కించు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పది దాకా ఉంటారు. గిన్నెలు తోముకున్నాక కూడా అడగవచ్చు.

నా భర్త పోయి మూడేళ్లు. మామగారి పేరున ఉన్న మూడెకరాల్లో వేరుశనగ, కొంత టమాటా నేనే చేస్తున్నాను. డ్రిప్ కోసం వెళ్తే పాసుపుస్తకం మీ పేరున లేదన్నారు. మామగారు మంచివారే, కానీ మంచం దిగలేరు. బావగారు తన పేరున రాయించుకుని డ్రిప్ వేయిస్తానంటున్నారు. ఒప్పుకోమంటారా? (అనంతపురం జిల్లా)

ఒప్పుకోవద్దమ్మా. బావగారి మనసు మంచిదే కావచ్చు. కానీ ఈ రోజు డ్రిప్ కోసం మారిన పేరు రేపు నీ పిల్లల కోసం వెనక్కి రాదు.

ఆ భూమి తాతల నుంచి వచ్చిందా, మామగారు కొన్నదా? ముందు అది తెలుసుకో. పిత్రార్జితమైతే అందులో నీ భర్త వాటా ఇప్పటికే నీకు, నీ పిల్లలకు, మీ అత్తగారికి సమానంగా చెందుతుంది. మామగారి స్వార్జితమైతే ఆయన ఇష్టం. కానీ వీలునామా లేకుండా ఆయన కాలం చేసినా, 1956 వారసత్వ చట్టం ప్రకారం ముందే పోయిన కొడుకు భార్యగా నీకూ, నీ పిల్లలకూ వాటా ఉంది. మామగారు మంచివారంటున్నావు కనుక ఆయన స్పృహలో ఉండగానే, అత్తగారి ఎదుట, నువ్వు చేస్తున్న భాగం నీ పేరున రిజిస్టరు చేయించమని అడుగు. అడగడం తప్పు కాదు. అంతవరకు డ్రిప్ దరఖాస్తు ఆయన పేరునే పెట్టవచ్చు. మనిషి రాలేడు కనుక ఇంటికి వచ్చి వేలిముద్ర తీసుకోవడానికి వీలుంటుందా అని రైతు సేవా కేంద్రంలో అడుగు. సాగు చేస్తున్నది నువ్వేనని ఈ-పంటలో నమోదు చేయించుకో. వకీలు ఖర్చుకు జంకవద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, మండల న్యాయ సేవల కమిటీకి కాగితం పెట్టు.

నీ పుట్టింటి సంగతి నువ్వు రాయలేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా జన్మహక్కు దేశమంతటా 2005లో వచ్చింది. మన దగ్గర, ఆ నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకు, 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద నూటికి 14 కమతాలే ఆడవాళ్ల చేతిలో ఉన్నాయి. మన రెండు రాష్ట్రాలు అంతకన్నా మెరుగే, అయినా నీలాంటి ఉత్తరం నాకు నెలకొకటి వస్తూనే ఉంటుంది.

మేము పన్నెండుమంది నాట్ల ముఠా. ఎకరాల లెక్కన గుత్తకు తీసుకుంటాం. ఈ వానాకాలం పదిమంది రైతులు విత్తనం వెదజల్లారు, ఇద్దరు నాటే యంత్రం తెప్పించారు. నెల రోజుల పని పన్నెండు రోజులకు వచ్చింది. మీరు యంత్రాలు మంచివని రాస్తారు. మాకు సెంటు భూమి లేదు. మాకేమి చెబుతారు? (నల్గొండ జిల్లా. మా పాప చేత రాయించాం)

ఈ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. అన్నిటికన్నా ముందు జవాబు ఇవ్వవలసింది దీనికే, చివరికి మిగిలిపోయింది. నా దగ్గర తేలికైన జవాబు లేకపోవడమే కారణం.

ఉద్యోగంలో ఉండగా డ్రమ్ సీడరు గురించి ఎన్నో ఊళ్లలో చెప్పాను. నానబెట్టి, మండె కట్టి మొలక రప్పించిన విత్తనం డ్రమ్ముల్లో పోసి లాగితే సరి, నారుమడి వద్దు, నాట్లు వద్దు అనేదాన్ని. నల్లబల్ల మీద "ఎకరాకు కూలి ఖర్చు ఆదా" అని గీత గీసి అంకె వేసేదాన్ని. రైతుకు ఆదా అయిన ఆ డబ్బు మీ నోటి దగ్గరి కూలి. దానికి నా బల్ల మీద ఇంకో గడి ఉండాలి. ఒక్క రోజూ గీయలేదు.

నాట్లు సుఖమైన పని అని నేను అనను. బురదలో రోజంతా వంగి, కాలివేళ్ల సందులు పాచిపోయి, రాత్రి నడుము నిటారుగా చేయలేక పడే బాధ మీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ బాధ పోవలసిందే. బాధతోపాటు కూలి కూడా పోవడం అన్యాయం.

నాటే యంత్రానికి మామూలు నారుమడి పనికిరాదు. జల్లించిన మట్టితో ట్రేలలో చాపలాగా పెంచిన 15 నుంచి 18 రోజుల నారు కావాలి. మట్టి జల్లించడం, విత్తనం సమంగా పరచడం, పూటపూటా నీళ్లు చూడటం చాలామంది రైతులకు ఓపిక లేని పని. యంత్రం మడిలో దిగి నిలిచిపోయేది కూడా ఎక్కువగా నారు సరిగ్గా లేకనే. మీ పన్నెండుమందికి నారు కంటితో చూస్తే చెప్పగల నేర్పు ఉంది. యంత్రం తెప్పించిన ఆ ఇద్దరు రైతుల దగ్గరకు వెళ్లి, యాసంగికి ట్రే నారు మేమే పెంచి ఇస్తాం, ఎకరాకు ఇంత అని మాట్లాడండి. ట్రేలకు, విత్తనానికి సంఘం అప్పు సరిపోతుంది. మొదట పదెకరాల నారుతో మొదలుపెట్టండి. వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో ఆడవాళ్లకు యంత్రం మీద 50 శాతం రాయితీ ఉంది. అయినా రెండు సీజన్లు నారు అమ్మి చూడకుండా యంత్రం కోసం అప్పు చేయవద్దు, ఎవరు ఎంత చెప్పినా సరే.

వెదజల్లిన మడుల్లో పని పూర్తిగా పోలేదు. మొలక రాని చోట్ల ఖాళీలు నింపాలి. నిలువ నీరు లేని మడిలో కలుపు ముందే లేస్తుంది, మందు కొట్టినా మిగులుతుంది. ఆ పని కూడా రోజు కూలికి కాకుండా నాట్ల లాగే ఎకరం గుత్తకు, విత్తనం చల్లకముందే మాట్లాడుకోండి. ఇది చదువుతున్న రైతులకు నా మనవి: వచ్చే సీజను పద్ధతి మార్చదలచుకుంటే ముఠాకు నెల ముందు కబురు చెప్పండి. ఇన్నేళ్లు మీ పొలం నాటిన మనుషులు మడిలో దుక్కి చూసి తెలుసుకోవలసిన వార్త కాదు అది.

పన్నెండుమందికీ ఇది సరిపోదు. నలుగురైదుగురికి ట్రే నారు, మిగిలినవారికి కలుపు గుత్త అనుకున్నా కొన్ని రోజులు ఖాళీగానే ఉంటాయి. ఆ రోజులకు నా దగ్గర జవాబు లేదు.

పాప చేత ఇంకో ఉత్తరం రాయించండి. ఏ రైతు దగ్గర నిరుడు ఎన్ని ఎకరాలు నాటారు, ఈ ఏడు ఎన్ని, ఒక్కొక్కరికి ఎన్ని రోజుల కూలి పోయింది, ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడిచింది, వరుసగా రాయమనండి. వచ్చే సంచికలో ఈ పేజీ మొత్తం మీ లెక్కకే ఇస్తాను.